బుట్టెడు బంతులు కొట్టినా నిలకడ ఎందుకు రాదు?

"రేంజ్‌లో బాగానే కొడతానండీ, కోర్సు మీదకి వెళ్తేనే ఏమవుతుందో తెలీదు." గోల్ఫ్ నేర్చుకుంటున్న మనవాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. శనివారం పొద్దున్నే లేచి వెళ్తారు. పెద్ద బుట్ట తీసుకుంటారు. సెవెన్ ఐరన్ పట్టుకుని ఒకదాని వెనక ఒకటి వరసగా వాయించేస్తారు. చివరి ఇరవై బంతులూ చక్కగా వెళ్ళేసరికి ఇక చేయి కుదిరిందని సంబరపడుతూ ఇంటికొస్తారు. ఆదివారం మొదటి టీ దగ్గరే బంతి కుడిపక్క చెట్లలోకి వెళ్ళిపోతుంది. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ ఆ చెట్ల కథ వినాల్సిందే.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఇందులో ఖర్చయ్యేది డబ్బు ఒక్కటే కాదు. వంద బంతులు కొట్టడానికి పట్టే గంటన్నర ఇంట్లో ఇంకెవరో సర్దుకుని ఇచ్చిన గంటన్నర. ఒకరు రేంజ్‌లో ఉంటే ఇంకొకరు పిల్లల్ని స్విమ్మింగ్‌కో తెలుగు బడికో తిప్పుతుంటారు. నాకైతే పిల్లలు బడికి వెళ్ళాక, వంట మొదలుపెట్టేలోగా దొరికే సమయమే ఉంది. అది వారానికి ఒక్కసారి. అంత కష్టపడి తీసుకున్న సమయానికి ఫలితం కనబడకపోతే జరిగేది రెండింటిలో ఒకటి. తప్పు కర్రదే అనుకుని ఐదారు వందల డాలర్లు పోసి కొత్త డ్రైవర్ కొనడం, లేదంటే "మనకి రాదులే" అని బ్యాగ్ గరాజ్‌లో సైకిళ్ళ వెనక పెట్టేయడం. రెండోది ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తున్నాను. అందుకే ఈ నెల దీని గురించి రాయాలనిపించింది.

ముందు నిలకడ అంటే ఏమిటో చూద్దాం. ప్రతి బంతీ గీత గీసినట్టు జెండా దగ్గరికి వెళ్ళడం అనుకుంటే ఈ ఆటలో ఎవరికీ నిలకడ లేనట్టే. పీజీఏ టూర్‌లో ఆడేవాళ్ళు 150 నుంచి 175 గజాల దూరంలో కొట్టిన బంతి సగటున జెండాకి దాదాపు 28 అడుగుల దూరంలో ఆగుతుంది. ఎనిమిది అడుగుల పట్ కూడా వాళ్ళకి సుమారుగా సగం సార్లే గుంటలో పడుతుంది. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ 2014లో వచ్చిన తన పుస్తకంలో ఇలాంటి లెక్కలన్నీ విప్పి చూపించాడు. బతుకుతెరువుగా ఆడేవాళ్ళదే ఆ సంగతైతే, వారానికోసారి ఆడే మనం వెతకాల్సింది మంచి షాట్ కాదు. మన చెడ్డ షాట్లు ఎంత దూరం చెదురుతున్నాయి అన్నది. ముగ్గుకి పెట్టిన చుక్కల్లా బంతులన్నీ వరసలో ఉండవు. పిడికెడు వడ్లు విసిరినట్టు ఒక చోట చుట్టూ పడతాయి. ఆ చుట్టుకొలత కాస్త తగ్గితే అదే నిలకడ.

ఆ చెదరడం ఎందుకో తెలియాలంటే కొంచెం లెక్క చూడాలి. బంతి మొదట ఏ దిక్కుకి బయల్దేరుతుందనేది ఎక్కువ భాగం, తగిలే క్షణంలో కర్ర ముఖం ఎటు చూస్తోందన్న దాని మీద ఉంటుంది. 200 గజాల దూరంలో ఒక్క డిగ్రీ తేడా అంటే మూడున్నర గజాలు. 120 గజాలు కొట్టే ఐరన్‌తో ఐదు డిగ్రీలు తెరుచుకుంటే పదిన్నర గజాలు పక్కకి పోతుంది, గాలిలో తిరిగే వంపు దీనికి అదనం. ఇక బంతీ కర్రా అంటుకుని ఉండే సమయం సెకనులో రెండు వేలో వంతు. కర్ర పైనుంచి కిందికి దిగడానికి పట్టేది పావు సెకను చిల్లర. మనిషి ఏదైనా చూసి, గ్రహించి, చేయి కదపడానికే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. అంటే కర్ర కిందికి బయల్దేరాక "అయ్యో, కుడికి పోతోంది" అని సర్దుకునే వ్యవధి మనకి లేనట్టే. ఏం చక్కబెట్టుకోవాలన్నా కర్ర కదలకముందే చక్కబెట్టుకోవాలి.

అందుకే నిలకడ అన్నిటికన్నా చవగ్గా దొరికేది నిలబడే తీరులో. పట్టు, పాదాలు, బంతి ఉన్న చోటు, చూస్తున్న దిక్కు. వీటికి కండబలం అక్కర్లేదు, వయసుతో పనిలేదు. అయినా చాలామంది వీటినే వదిలేస్తారు, ఎందుకంటే ఇందులో చప్పుడు లేదు, సరదా లేదు. నేను కుడిచేతి వాటం వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి. డ్రైవర్‌కి బంతి ఎడమ మడమకి ఎదురుగా ఉండాలి. సెవెన్ ఐరన్‌కి రెండు పాదాల మధ్య నుంచి కొద్దిగా ఎడమకి, వెడ్జ్‌కి దాదాపు నడిమధ్యన. ఇవాళ రెండంగుళాలు ఇటు, రేపు రెండంగుళాలు అటు పెట్టుకుని స్వింగ్ మారిపోతోందని బాధపడితే లాభం లేదు, మారింది బంతి చోటు. దిక్కు సంగతి ఇంకా చిత్రం. చాలామంది తెలియకుండానే జెండాకి కుడిపక్కకి తిరిగి నిలబడతారు. ఆ తర్వాత శరీరం తనంతట తానే బంతిని ఎడమకి లాగాలని చూస్తుంది. అది ఒకసారి ఎక్కువ లాగుతుంది, ఒకసారి తక్కువ. మంచు కురిసే ఊళ్ళలో డ్రైవ్‌వే అంచున పాతే సన్నటి ఫైబర్ కడ్డీలు హార్డ్‌వేర్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి. ఒకటి బంతి నుంచి లక్ష్యం వైపు, రెండోది పాదాల ముందు, రైలు పట్టాల్లా సమాంతరంగా పెట్టుకోండి. పాదాల పట్టా జెండా వైపు చూడదు, దానికి కొంచెం ఎడమకి చూస్తుంది. ఇది కళ్ళకి తప్పుగానే అనిపిస్తుంది. కళ్ళని కాదు, కడ్డీని నమ్మండి.

మన ఆడవాళ్ళకి ఇంకో మాట. ఇంట్లో ఆయన పాత సెట్టు పడుంది కదా అని దానితో మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. మగవాళ్ళ సెవెన్ ఐరన్ మామూలుగా 37 అంగుళాలు ఉంటుంది, ఆడవాళ్ళ సెట్లలో అది ఒక అంగుళం దాకా తక్కువ, కర్ర తేలిక, వంగే గుణం ఎక్కువ. ఐదడుగుల మనిషి ఆ పొడవాటి బరువైన కర్రతో నిలబడితే ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఒళ్ళు సర్దుకోక తప్పదు. ఆ సర్దుబాటు రెండుసార్లు ఒకేలా రాదు. వాడేసిన లేడీస్ సెట్లు అమ్మే చోట్లు చాలా ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళకి పధ్నాలుగు కర్రలూ అక్కర్లేదు, ఆరేడు చాలు.

సరే, నిలబడటం కుదిరింది. ఇక స్వింగ్‌ని అచ్చుగుద్దినట్టు ఒకేలా చేయాలా? ఇక్కడ నాకు బాగా నచ్చిన ఒక పాత పరిశోధన చెప్పాలి. 1920లలో మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో నికోలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త పనివాళ్ళు సుత్తితో ఉలి మీద కొట్టడాన్ని గమనించాడు. వాళ్ళ కీళ్ళ దగ్గర చిన్న చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నవాళ్ళు, సుత్తి ప్రతిసారీ ఉలి నెత్తినే పడుతుంది. మరి భుజం, మోచేయి, మణికట్టు కూడా ప్రతిసారీ ఒకే దారిలో కదులుతుండాలి కదా? కదలడం లేదు. ప్రతి దెబ్బకీ కొంచెం కొంచెం తేడా ఉంది. భుజం కాస్త ముందుకి వెళ్తే మోచేయి దాన్ని సరిచేస్తోంది. కీళ్ళ దారులు మారుతున్నా సుత్తి దిగే చోటు మాత్రం మారడం లేదు. మన ఊళ్ళ కొలిమిలో సమ్మెట వేసేవాళ్ళని చిన్నప్పుడు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. సాధన అంటే ఒకే కదలికని మళ్ళీ మళ్ళీ చేయడం కాదు, ఒకే సమస్యని మళ్ళీ మళ్ళీ పరిష్కరించడం అన్నది బెర్న్‌స్టైన్ తేల్చిన సంగతి.

ఇప్పుడు మన వంద బంతుల బుట్ట దగ్గరికి రండి. ఒకే కర్రతో, ఒకే జెండా వైపు, ఊపిరి తిప్పుకోకుండా కొడుతుంటే మొదటి పది బంతుల్లోనే సమస్య పరిష్కారమైపోయింది. మిగిలిన తొంభైకీ శరీరం ఆ జవాబునే చూచిరాత రాస్తోంది. చివరి ఇరవై బాగా వెళ్ళడంలో వింతేముంది? కోర్సులో అలా ఉండదు. డ్రైవర్ కొట్టి, ఐదు నిమిషాలు నడిచి, ఏటవాలు నేల మీద వేరే కర్ర తీస్తారు. ప్రతిసారీ కొత్త లెక్కే.

దీని మీద 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ చేసిన ప్రయోగం ఒకటుంది. గోల్ఫ్ మీద కాదు. టెన్నిస్ బంతి చేత్తో పట్టుకుని చిన్న చెక్క అడ్డంకుల్ని చెప్పిన వరసలో పడగొట్టాలి, అలాంటి వరసలు మూడు. మొత్తం 54 సార్లు. ఒక జట్టు మొదటి వరసే పద్దెనిమిది సార్లు, తర్వాత రెండోది, తర్వాత మూడోది చేసింది. ఇంకో జట్టు మూడింటినీ కలగాపులగంగా చేసింది. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి జట్టే వేగంగా చేసింది. పది నిమిషాల తర్వాత, మళ్ళీ పది రోజుల తర్వాత పరీక్ష పెడితే కలగాపులగం జట్టుకే ఎక్కువ గుర్తుంది. ఇది చేతులతో చేసే చిన్న పని, గోల్ఫ్ స్వింగ్ అంతకన్నా జటిలం, దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అతికించలేం. కానీ సాధనలో బాగా చేస్తున్నామన్న భావన నేర్చుకున్నామనడానికి రుజువు కాదన్న సంగతి మాత్రం రేంజ్‌కి వెళ్ళే ప్రతివాళ్ళూ అట్ట మీద రాసుకుని బ్యాగ్‌కి తగిలించుకోవాలి.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది తెలిసిన దారే. సరళీ స్వరాలు ఒకే రోజు మూడు కాలాల్లో పాడిస్తారు. అవి కాగానే జంట స్వరాలు, తర్వాత అవే ఏడు స్వరాలు ఏడు తాళాల్లో అలంకారాలు. గొంతు అదే, స్వరాలు అవే, పాడించే తీరు మారుతూనే ఉంటుంది. ఏడాదంతా ఒక్క వరసే ఒక్క కాలంలో పాడించిన టీచర్‌ని నేను చూడలేదు.

నా దగ్గరున్న గంటకి నేను అరవై బంతుల బుట్ట తీసుకుంటాను. మొదటి పది పన్నెండు వెడ్జ్‌తో సగం స్వింగ్‌లు, ఒళ్ళు వేడెక్కడానికి. తర్వాత ఓ పదిహేను బంతులు ఒక్క విషయానికే కేటాయిస్తాను. ఇక్కడ వరసగా ఒకే కర్రతో కొట్టడం తప్పేం కాదు, కొత్తగా ఏదైనా నేర్చుకునేటప్పుడు శరీరానికి అది అర్థం కావడానికి కాస్త వ్యవధి కావాలి. అసలు కొత్తవాళ్ళయితే ఈ భాగం ఇంకా పెంచుకోవచ్చు. కానీ ఒక్క విషయం అంటే ఒక్కటే. ఈ వారం పట్టు అయితే పట్టే, యూట్యూబ్‌లో నిన్న రాత్రి చూసిన మోచేయి చిట్కా కాదు. మిగిలిన ముప్ఫై చిల్లర బంతులతో మా ఊరి కోర్సు ఆడుకుంటాను. కళ్ళ ముందు మొదటి హోల్ ఊహించుకుని, దూరంగా రెండు జెండాల మధ్య ఖాళీని ఫెయిర్‌వే అనుకుని డ్రైవర్ కొడతాను. అది ఎక్కడ పడిందో చూసి, మిగిలిన దూరానికి తగ్గ కర్ర తీస్తాను. గ్రీన్ తప్పితే వెడ్జ్‌తో ముప్ఫై గజాల చిన్న షాట్. ఒకే కర్రతో వెంటవెంటనే రెండు బంతులు కొట్టకూడదన్నది నియమం. ప్రతి బంతికీ వెనక్కి వెళ్ళి నిలబడి, ఎటు కొట్టాలో చూసుకుని, మళ్ళీ వచ్చి పాదాలు పెట్టుకోవాలి. పక్క మ్యాట్ ఆయన ఈలోగా పాతిక కొట్టేస్తాడు, కొట్టనివ్వండి.

ఈ పద్ధతిలో మొదటి రెండు మూడు వారాలు ఆట దిగజారినట్టు అనిపిస్తుంది. బంతి ప్రతిసారీ బాగా వెళ్ళదు, రేంజ్ నుంచి వచ్చే సంబరం ఉండదు. అక్కడే చాలామంది వదిలేస్తారు. అందుకే చిన్న నోట్‌బుక్ పెట్టుకోమంటాను, పాల లెక్క రాసుకునే లాంటిది చాలు. ఎంచుకున్న రెండు జెండాల మధ్యకి పది బంతుల్లో ఎన్ని వెళ్ళాయో రాయండి, వేర్వేరు కర్రలతో, ప్రతిసారీ వెనక్కి వెళ్ళి నిలబడి కొట్టినవే లెక్క. ఎడమకి ఎన్ని తప్పాయి, కుడికి ఎన్ని అన్నది కూడా. అన్నీ ఒకే పక్కకి తప్పుతుంటే అది నిలబడే తీరులోనో పట్టులోనో ఉన్న సంగతి, దాన్ని సరిచేయడం తేలిక. రెండు పక్కలకీ తప్పుతుంటే అప్పుడు టీచర్ కావాలి. ఒక పాఠం చెప్పించుకుని, నాలుగు వారాలు దాని మీదే ఉండి, మళ్ళీ వెళ్ళండి. ఆ నోట్‌బుక్ పట్టుకెళ్తే ఆయన పని సగం అయిపోతుంది.

లయ గురించి చెప్పకుండా వదలలేను. 2004లో జాన్ నోవోసెల్ అనే ఆయన 'టూర్ టెంపో' పుస్తకంలో ఒక సంగతి రాశాడు. సెకనుకి 30 ఫ్రేములుండే వీడియోలో పెద్ద ఆటగాళ్ళ స్వింగ్‌లు లెక్కపెడితే కర్ర వెనక్కి వెళ్ళడానికి 24 ఫ్రేములైతే దిగడానికి 8, లేదా 27కి 9, లేదా 21కి 7. మనుషులు వేరు, వేగాలు వేరు, నిష్పత్తి మాత్రం మూడుకి ఒకటి. ఇది చదవగానే నాకు చతురస్రం గుర్తొచ్చింది. 'త' అన్నప్పుడు కర్ర కదలాలి, 'క', 'ధి' దాటి 'మి' దగ్గర పైన ఉండాలి, మళ్ళీ వచ్చే 'త' మీద బంతికి తగలాలి. తకధిమి త. నెమ్మదస్తులు నెమ్మదిగా, చురుకువాళ్ళు చురుగ్గా అనుకోవచ్చు, నాలుగక్షరాలూ సమానంగా ఉంటే చాలు. నెమ్మదిగా కొట్టమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. నెమ్మదికీ లయకీ సంబంధం లేదు. పాటలో చౌకకాలమైనా తాళం తప్పవచ్చు.

మ్యాట్ల సంగతి కూడా. పచ్చిక మీద ఐరన్ ముందు బంతికి తగిలి, ఆ తర్వాత జెండా వైపున్న నేలకి తగలాలి. బంతికి వెనక రెండంగుళాల దగ్గరే నేలకి తగిలితే పచ్చిక పెళ్ళ లేస్తుంది, బంతి కాళ్ళ ముందే పడుతుంది. మ్యాట్ మీద అదే దెబ్బకి కర్ర జారి బంతిని కొట్టేస్తుంది, చూడ్డానికి బాగానే వెళ్తుంది. ఇలా మ్యాట్ చెప్పే అబద్ధం కనిపెట్టాలంటే బంతికి జానెడు వెనక మడతపెట్టిన చిన్న తువ్వాలు వేసుకోండి. తువ్వాలు కదిలిందా, కోర్సులో పెళ్ళ లేచినట్టే. ముఖం మధ్యలో తగులుతోందో లేదో తెలియాలంటే పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే కొద్దిగా కర్ర ముఖం మీద కొడితే బంతి గుర్తు అచ్చుపడుతుంది. మడమ వైపా, మొన వైపా అన్నది అద్దంలో చూసినట్టు కనబడుతుంది. రేంజ్‌లో పచ్చిక భాగం తెరిచిన రోజులుంటే ఆ రోజులకే వెళ్ళండి.

ఇక పిల్లలు. హైస్కూల్ టీమ్‌లో చోటు కోసం పిల్లల చేత రోజుకి రెండు వందల బంతులు కొట్టించే తల్లిదండ్రులు ఉన్నారు. మేం వెళ్ళే రేంజ్‌లో ఒకాయన కూతురి వెనక ఫోన్ పట్టుకుని నిలబడతారు. బంతి లేచీలేవకముందే "ఇంకోటి" అంటారు. ఆ పాప బంతి ఎటు వెళ్ళిందో కూడా చూడదు, నాన్న మొహం చూస్తుంది. చూడని బంతి నుంచి ఎవరైనా ఏం నేర్చుకుంటారు? ఎదిగే వయసులో నడుమూ మోచేతులూ అన్ని మెలికలకి ఓర్చుకోలేవు. ఈ ఆటలో పెద్దవాళ్ళకే తరచుగా దెబ్బతినేది నడుం కింది భాగం. నడుం నొప్పి అని పిల్ల అంటే ఆ రోజు బుట్ట అక్కడితో వదిలేయాలి, సగం డబ్బు పోతే పోయింది. యాభై బంతులు చాలు, ఏ కర్రో ఎటో పిల్లలనే ఎంచుకోనివ్వండి. అన్నాచెల్లెళ్ళుంటే ఒకరు చెప్పిన షాట్ ఇంకొకరు కొట్టే పోటీ పెట్టండి, కలగాపులగం సాధన దానంతట అదే అయిపోతుంది. పక్కన నిలబడాలనిపిస్తే "అలా ఎందుకు కొట్టావ్" అనకుండా "ఎటు కొడదామనుకున్నావ్?" అని అడగండి. జవాబు రాకపోతే, తర్వాతి బంతికి ముందు అదే ప్రశ్న అడగండి.

డిసెంబరులో రేంజ్‌లు మూతపడే ఊళ్ళవాళ్ళు అద్దం ముందు పట్టు, పాదాలు చూసుకోవచ్చు, కార్పెట్ మీద పట్ చేసుకోవచ్చు. గరాజ్‌లో వల కట్టుకునేవాళ్ళు పైకప్పు ఎత్తు కొలవకుండా డ్రైవర్ తీయకండి. ఆ ఎనిమిది అడుగుల పట్ గురించి వచ్చే నెల రాస్తాను. ఈలోగా మీ నోట్‌బుక్‌లో పదికి ఎన్ని అన్న అంకె మొదటి వారం ఎంత, నాలుగో వారం ఎంత అన్నది రాసి పంపండి. తగ్గినా సరే, పంపండి.